‘సర్వర్ ప్రాబ్లం’ అని అబద్ధం చెప్పాను, నిద్ర పట్టడం లేదు

ఆదోని నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, మిల్లు పేరు బయటపెట్టవద్దన్నారు. వయసు 36. బీకాం చదివి తొమ్మిదేళ్లుగా ఒక పత్తి మిల్లులో అకౌంట్స్ చూస్తున్నారు. అక్కడ జిన్నింగ్ (పత్తి నుంచి గింజ వేరుచేసే పని), పక్కనే పత్తిగింజల నూనె, ఆ నూనెకు ఏడాది పొడుగునా నడిచే ప్యాకింగ్ సెక్షన్ ఉన్నాయి. మొన్న ఏప్రిల్‌లో సీనియర్ అకౌంటెంట్ రిటైరైతే ఆ సీటు ఈమెకు ఇవ్వకుండా, రెండేళ్ల క్రితం చేరిన ఓనరు మేనల్లుడికి ఇచ్చారు. అతనికి ట్యాలీ నేర్పింది ఈమే. ఎందుకిలా అని అడిగితే, “నీకేమమ్మా, ఇంటాయన సంపాదిస్తున్నాడు కదా” అన్నారట ఓనరు. జీతం 500 పెంచి సరిపెట్టారు.

మొదటి రెండు పేజీలూ ఇదే. మూడో పేజీలో ఇంకో సంగతి వస్తుంది. ఆఫీసులో తొమ్మిది మంది, ప్యాకింగ్‌లో 38 మంది ఆడవాళ్లు. అందరి జీతంలోంచీ పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) కోస్తున్నారు. పోయిన సెప్టెంబర్ జీతాల నుంచి ఈ జూలై వరకు, పదకొండు నెలలుగా, కడుతున్నది మాత్రం ఆఫీసువాళ్లదే. “సీజన్ రానీ, మొత్తం కట్టేద్దాం. ఇప్పటికి తొమ్మిది పేర్లే పెట్టు” అన్నారు ఓనరు. నెలనెలా 47 పేర్లతో జీతాల పట్టీ తయారుచేసేది ఈమె, అందులోంచి 38 పేర్లు తీసేసి చలానా తీసేదీ ఈమే.

పోయిన నెల ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె, కూతురి నర్సింగ్ ఫీజుకు పీఎఫ్‌లోంచి తీసుకుందామని నెట్ సెంటరుకు వెళ్లింది. మర్నాడు టిఫిన్ టైములో ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి, “అక్కా, మా దుడ్లు పడనట్టు చూపిస్తాండాది, ఏమైనాదక్కా?” అని అడిగింది. “సర్వర్ ప్రాబ్లం, వచ్చే నెల కనిపిస్తుంది” అని చెప్పి పంపానని రాశారు. ఆ రోజు నుంచి సరిగా నిద్ర లేదు. ఇంట్లో చెబితే భర్త, “ఇంటి లోను ఇంకా ఆరేళ్లుంది, మనకెందుకు” అన్నారు. మూడేళ్ల క్రితం ఆదివారం పనికి డబ్బులు అడిగిన ఒక ఫిట్టరును, బేరింగులు దొంగిలించాడని చెప్పి పంపేశారు. అతని చివరి సెటిల్‌మెంటులో 3,400 రూపాయలు కోత రాసింది కూడా ఈమే. “నోరు తెరిస్తే ప్రమోషన్ రాలేదని కక్షతో చెప్పిందంటారు. తెరవకపోతే ఆమె ముఖం చూడలేకపోతున్నాను. చెప్పాలా, వద్దా?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం ఒకసారి మొదటి పేజీ నుంచి, ఇంకోసారి చివరి పేజీ నుంచి చదివాను. మొదటి నుంచి చదివితే ప్రమోషన్ పోయిన మనిషి బాధ కనబడుతుంది. పీఎఫ్ సంగతి ఓనరు మీద ఇంకో నేరంలా వచ్చి చేరుతుంది. చివరి నుంచి చదివితే కిటికీ దగ్గర నిలబడ్డ ఒకామె కనబడుతుంది. ప్రమోషన్ ఎక్కడో వెనక ఉండిపోతుంది. ఈ రెండు దారాలూ చిక్కుపడిపోయి మీకు ఏ కొసా దొరకడం లేదు. ముందు వాటిని విడదీద్దాం.

కక్షతో చెప్పిందంటారని మీ భయం. అంటారు. ఆ మాట తప్పించుకోలేరు. నిజం చెప్పాలంటే కొంచెం కక్ష ఉంది కూడా. తొమ్మిదేళ్లు చేసిన మనిషిని పక్కనబెట్టి “ఇంటాయన సంపాదిస్తున్నాడు కదా” అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. (మగ అకౌంటెంటుతో “నీ భార్య సంపాదిస్తోంది కదా, నీకెందుకయ్యా ప్రమోషన్” అన్న ఓనరును నేనింతవరకు చూడలేదు.) కానీ మీ మనసులో ఏముందని పీఎఫ్ ఆఫీసులో ఎవరూ అడగరు. జీతాల పట్టీలో ఎన్ని పేర్లు, చలానాలో ఎన్ని పేర్లు అని చూస్తారు. 47కూ 9కీ ఉన్న తేడా మీ కోపం వల్ల పెరిగేది కాదు.

ఒక సంగతి మాత్రం మీరు ఉత్తరంలో రాసి కూడా గమనించినట్టు లేదు. ప్రమోషన్ పోయింది ఏప్రిల్‌లో. తొమ్మిది పేర్ల చలానా మొదలైంది సెప్టెంబర్ జీతాలతో. అంటే ప్రమోషన్ గొడవకు ముందే ఏడు నెలలు మీరు ఆ పేర్లు తీసేశారు, అప్పుడు నిద్ర బాగానే పట్టింది. దెప్పడానికి చెప్పడం లేదు. అప్పట్లో ఓనరు మాట మీద మీకు నమ్మకం ఉంది. ఈయన మనకు అన్యాయం చెయ్యడు, వాళ్లకూ చెయ్యడు, సీజన్ రాగానే కడతాడు అనుకున్నారు. మీ సీటు విషయంలో ఆయన లెక్క ఎలాంటిదో తెలిశాక, ఆయన మిగతా లెక్కల మీద కూడా అనుమానం వచ్చింది. చాలా ఆఫీసుల్లో జరిగేది ఇదే. తనకు న్యాయం జరుగుతోందని నమ్మినంతకాలం మనిషి చెడు కబురు కూడా నేరుగా యజమాని దగ్గరికే పట్టుకెళ్తాడు. ఆ నమ్మకం పోయాక నోరు మూసుకుంటాడు, లేదంటే వీధిలోకి పోతాడు. మీ ఓనరు ఏప్రిల్‌లో ఒక్క పది నిమిషాలు కూర్చోబెట్టి సరైన కారణం చెప్పి ఉంటే, ఈ ఉత్తరం నాకు వచ్చేది కాదేమో. మీరే ఆయన గదిలోకి వెళ్లి “సార్, ఇది బాగాలేదు” అని ఉండేవారు.

ఇక ఆ ఫిట్టరు సంగతి. మీరు రెండే వాక్యాలు రాసి వదిలేశారు గానీ, మీ మిల్లులో ఎవరూ ఎందుకు నోరు విప్పరో అందులోనే ఉంది. ఆదివారం డబ్బులు అడిగినందుకు దొంగ అన్నారు. అతను దొంగ కాదని మీకు తెలుసు, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ తెలుసు. ఆ 3,400 కోత కాయితం మీద ఎక్కిన రోజున, అడిగినవాడికి ఏమవుతుందో మిల్లంతా చూసింది. భయం వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. అందులోనూ ప్యాకింగ్ ఆడవాళ్లకు మీకు లేని ఇంకో భయం ఉంది. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి, పిల్లల బడి మాన్పించి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయో మీకు నేను చెప్పాలా? ఈ ప్యాకింగ్ పని దొరికినందుకే వాళ్లు ఊళ్లో ఉండగలుగుతున్నారు. ఇది పోతే మళ్లీ సుగ్గి బండే. అందుకే ఆమె గేటు దగ్గర అరవలేదు, కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. 38 మందిలో ఆ మాత్రం అడిగింది ఆమె ఒక్కతే.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. మీరు రాసిన ప్రకారం ఒక్కొక్కరి పీఎఫ్ జీతం 10,000. 12 శాతం అంటే 1,200. 38 మందికి నెలకు 45,600. ఇది వాళ్ల జీతంలోంచి కోసింది. యజమాని వాటా కూడా అంతే, కలిపి 91,200. పదకొండు నెలలకు 10,03,200 రూపాయలు. నెల జీతాల పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దాని మీద నష్టపరిహారం. 2024 జూన్‌లో సవరించాక ఆ పరిహారం నెలకు ఒక శాతం. రెండూ కలిపితే నెలకు రెండు శాతం. మీ చలానా తేదీలు పెట్టుకుని నేను వేస్తే ఇప్పటికే లక్ష దాటింది. మీరూ ఒకసారి వేసి చూడండి, ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

ఈ పది లక్షల్లో సగం, 5,01,600, ఓనరు డబ్బు కానే కాదు. అది వాళ్ల జీతం. కోసి కట్టకపోవడాన్ని పాత ఐపీసీ నమ్మకద్రోహంగా చూసేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కూడా అలాగే చూస్తుంది. ఇంకో మాట. పీఎఫ్ అంటే దాచుకున్న డబ్బు ఒక్కటే అనుకుంటారు చాలామంది. సర్వీసులో ఉండగా మనిషి పోతే కుటుంబానికి గరిష్ఠంగా ఏడు లక్షల దాకా వచ్చే బీమా దానితోనే ముడిపడి ఉంది. పెన్షన్ కావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఈ పదకొండు నెలల్లో ఆ 38 మందిలో ఎవరికైనా ఏదైనా అయి ఉంటే, వాళ్ల ఇంట్లోవాళ్లు ఏ కాయితాల కోసం ఎవరి చుట్టూ తిరగాల్సి వచ్చేదో ఊహించుకోండి.

“సీజన్ రాగానే” అన్న మాట గురించి కూడా. సెప్టెంబర్ జీతాలతో ఆపారు. ఆ తర్వాత అక్టోబర్‌లో పత్తి వచ్చింది, యార్డు నిండింది, ఫిబ్రవరికి సీజన్ అయిపోయింది. కట్టలేదు. ఇప్పుడు రాబోయేది రెండో సీజన్. మీ ఓనరు చెడ్డవాడని నేననను. నిజంగానే చేతిలో డబ్బు ఆడక మొదటి నెల ఆపి ఉంటారు. సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన ఉత్తరంలో, ఇది పులి మీద స్వారీ లాంటిదని, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదని అన్నారు. అక్కడ వేల కోట్లు, ఇక్కడ పది లక్షలు. కానీ మొదటి నెల సర్దుబాటు రెండో నెలకు అలవాటుగా మారే తీరు రెండుచోట్లా ఒక్కటే. ఇప్పుడైతే మీ ఓనరు దిగగలరు. ఇంకో ఏడాదైతే దిగలేరు.

అందుకని మీ ముందున్న దారుల్లో, ఓనరు దగ్గరికే వెళ్లడాన్ని అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. వెళ్తే మాత్రం న్యాయం, ధర్మం, ఆడవాళ్ల ఉసురు అంటూ మొదలుపెట్టకండి. ప్రమోషన్ ఊసు అసలే ఎత్తకండి. అది ఎత్తారా, ఆయన మిగతాదంతా దాని ఖాతాలోనే రాసేసుకుంటారు. ఆ సంగతి అడగాల్సిందే, కానీ వేరే రోజు, వేరే కాయితం మీద. ఈ రోజుకు అంకెలు మాత్రమే: ఇంత బాకీ, నెలకు ఇంత వడ్డీ, ప్యాకింగ్‌లో ఒకామె ఇప్పటికే నెట్ సెంటరులో చూసింది, మిగతావాళ్లూ చూస్తారు. ముందు ఈ నెల 47 పేర్లతో కట్టి, పాతది రెండు మూడు విడతల్లో కడదామా అని అడగండి. దీనివల్ల ఆయనకు మర్యాదగా బయటపడే దారి దొరుకుతుంది. ఆయన “నీ పని నువ్వు చూసుకో” అంటే, మీరు ఎక్కడ నిలబడ్డారో ఆయనకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎక్కడి నుంచి ఫిర్యాదు వెళ్లినా మొదటి అనుమానం మీ మీదే. ఈ దారికి అదే ఖరీదు.

ఆయన గదికి వెళ్లినా వెళ్లకపోయినా ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఇప్పటిదాకా ఆయన నోటిమాట మీద పేర్లు తీశారు. రేపు విచారణ వస్తే చట్టం ముందు బాధ్యత యజమానిదే. కానీ ఈ పట్టీ చేసిందెవరు అన్న ప్రశ్న రాకుండా పోదు. అప్పుడు మేనల్లుడి వేలు ఎటు తిరుగుతుందో మీకు తెలుసు. కాబట్టి ఈ నెల చలానా తీసేముందు ఓనరుకు ఒక మెసేజ్ పెట్టండి: “సార్, ఆగస్టు పీఎఫ్ 47 మందికి ఇంత, 9 మందికైతే ఇంత. ఎంతకు తీయమంటారు?” అంతే. ఫోన్ చేసి చెబితే, “మీరు ఫోన్‌లో చెప్పిన ప్రకారం” అని ఇంకో మెసేజ్. ఆయనకు చిరాకు వస్తుంది. రానివ్వండి. లెడ్జర్లు ఫొటోలు తీసి ఇంటికి పట్టుకెళ్లడం మాత్రం వద్దు. బేరింగులు ఎత్తుకెళ్లాడన్న చోట, కాయితాలు ఎత్తుకెళ్లిందనడం ఎంతసేపు? మీ జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటరు, ఏ తేదీన ఎవరు ఏమన్నారో రాసుకున్న మీ సొంత డైరీ చాలు.

పేరు లేకుండా ఫిర్యాదు రాస్తే ఎలా ఉంటుందని మీ ఉత్తరంలో ఒక మూల అడిగారు. రాయొచ్చు. కానీ ఆ మిల్లులో 47, 9 అన్న లెక్క తెలిసింది ఓనరుకు, మేనల్లుడికి, మీకు. ఉత్తరంలో అంకెలు సరిగ్గా ఉంటే మీరే రాశారని తెలుస్తుంది, అంకెలు లేకపోతే ఆ ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరు. పోనీ చట్టం కాపాడుతుందా అంటే, అక్రమాలు బయటపెట్టేవాళ్ల రక్షణ చట్టం 2014లో వచ్చింది గానీ అమల్లోకి రాలేదు. వచ్చినా అది ప్రభుత్వంలో జరిగేవాటి గురించి, మీలాంటి మిల్లు గుమస్తాకు పనికిరాదు. ఈ మాట దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పలేను.

అయితే మీరు ఒక్కరే మోయాలని ఎందుకనుకుంటున్నారు? ఈ విషయంలో సాక్ష్యం మీ బీరువాలో లేదు. ప్రతి ఒక్కరి పీఎఫ్ పాస్‌బుక్ వాళ్లదే. ఉమాంగ్ యాప్‌లో చూసుకోవచ్చు, నెట్ సెంటరులో ప్రింటు తీసుకోవచ్చు. స్లిప్పులో 1,200 కోత ఉంది, పాస్‌బుక్‌లో సెప్టెంబర్ నుంచి ఖాళీ. ఈ రెండు కాయితాలు పక్కపక్కన పెడితే ఇంకో రుజువు అక్కర్లేదు, మీ పేరూ అక్కర్లేదు. ఒక చిక్కుంది: ఇలాంటిచోట్ల చాలామంది తమ పీఎఫ్ నంబరైన యూఏఎన్‌కు సూపర్‌వైజరు ఫోన్ నంబరో, మేస్త్రీ నంబరో ఇచ్చి ఉంటారు, ఓటీపీ వాళ్లకు పోతుంది. ముందు అది సరిచేసుకోవాలి. మనకు పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం కడపలో ఉంది. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లు, తాడిపత్రి మీదుగా పోయి రావాలంటే ఒక రోజు కూలి, చార్జీలు. కానీ ప్రతినెలా 27న పీఎఫ్ అధికారులు ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో జిల్లాల్లో శిబిరం పెడతారు, సెలవైతే మర్నాడు. ఆ నెల శిబిరం ఎక్కడో కనుక్కుని ఆధార్, స్లిప్పులు పట్టుకుని పదిమంది కలిసి వెళ్తే, ఒక్కరు వెళ్లినట్టు ఉండదు. ఒక్కరిని పంపేసినంత తేలిక కాదు పదిమందిని పంపడం, ముఖ్యంగా సీజన్ ముందు. ఫిర్యాదు రాయడానికి సాయం కావాలంటే కోర్టుల దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరునిస్తారు, ఫోన్ నంబరు 15100. ఊళ్లో కార్మిక సంఘాలూ ఉన్నాయి. సంఘం వస్తే బలం వస్తుంది, దానితోపాటు గేటు దగ్గర జెండా కూడా వస్తుంది. అది కావాలో వద్దో ఆ ఆడవాళ్లే తేల్చుకోవాలి. లోకల్ లీడరు దగ్గరికో, పేపరు విలేకరి దగ్గరికో మాత్రం ముందే పరుగెత్తకండి. అక్కడ ఇది పంచాయితీగా మారి, ఓనరుకూ పెద్దమనుషులకూ మధ్య తెగిపోతుంది. ప్యాకింగ్‌కు తలా వెయ్యి చేతిలో పడుతుంది, పాస్‌బుక్ ఖాళీగానే ఉంటుంది.

ఈ దారిలో మీ వంతు చిన్నది, కానీ ఖర్చు లేనిది కాదు. వాళ్లకు చూసుకోమని చెప్పింది ఎవరన్న ఆరా వస్తుంది. వాళ్లలో ఒకరైనా మీ పేరు చెప్పే అవకాశం ఉంది, తప్పుపట్టలేం. ఇంకోటి, ఓనరుకు కోపం వచ్చి ప్యాకింగ్‌ను కాంట్రాక్టరుకు అప్పజెప్పే ప్రమాదమూ ఉంది. వాళ్లకు చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పండి. వాళ్ల డబ్బు, వాళ్ల పని. ఎంత తెగించాలో వాళ్లు తేల్చుకోవాలి.

ఉద్యోగం మానేసి చల్లగా ఉండిపోవడం కూడా ఒక దారే. మీవారి మాటను నేను పిరికితనం అనను. ఆరేళ్ల లోను మీద సంతకం పెట్టిన మనిషి అలాగే మాట్లాడతాడు. ఆయనతో కూర్చుని, ఈ ఉద్యోగం పోతే ఎన్ని నెలలు గడుస్తుందో ఒక కాయితం మీద వేసుకోండి. ట్యాలీ, జీఎస్టీ, పీఎఫ్ పనులు తొమ్మిదేళ్లు చేసిన మనిషికి ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఇంకో చోటు దొరకడం అంత కష్టం కాదు. మూడు నెలల ఈఎంఐ పక్కన ఉంటే మీ గొంతు వేరుగా వస్తుంది. అప్పుడు ఉన్నా, మానేసినా మీ ఇష్టం. అయితే నోరు మెదపకుండా మానేస్తే, మీ సీట్లో మేనల్లుడు కూర్చుని తొమ్మిది పేర్లే పెడతాడు.

ఫిట్టరు ఇప్పుడు బస్టాండ్ వైపు మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడని రాశారు. రోజూ ఆ దారినే వస్తారు కాబోలు. అక్కడ ఒకసారి ఆగమని చెప్పాలని ఉంది గానీ, ఆగి ఏం చెప్పాలో నాకూ తెలియదు. బహుశా 3,400 తప్పు లెక్క అని ఒక్క మాట. అతని తిట్లు పడటానికి సిద్ధంగా వెళ్లండి.

ఈ నెల చలానా 15లోపు మళ్లీ మీ టేబుల్ మీదికి వస్తుంది. మెసేజ్ పెడతారో, ఓనరు గదిలోకి వెళ్తారో అప్పటికి తేల్చుకోండి, తొందర లేదు. కిటికీ దగ్గరికి వచ్చిన ఆమె విషయంలో మాత్రం 15 దాకా ఆగవద్దు. వచ్చే నెల కనిపిస్తుందన్నారు కాబట్టి ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది, కూతురి ఫీజు తేదీ దగ్గరపడుతూ ఉంటుంది, ఈలోపు ఎవరి దగ్గరో వడ్డీకి తెస్తుంది. ఓనరు గురించి ఏమీ చెప్పక్కర్లేదు. “నేను ఆ రోజు చెప్పింది తప్పు, సర్వర్ బాగానే ఉంది, నీ పాస్‌బుక్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకో” అని చెప్పండి.